అచ్చుకాని స్పందనలు

(కందుకూరులోని శాఖా గ్రంథాలయంలో ఒక డిసెంబరు సాయంత్రం చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఎత్తి రాశాం.)

వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు గోల చేస్తోంది, తీసేద్దాం. ఈ గదికి నా గొంతు చాలు.

అధ్యక్షుల వారు నన్ను 'సీనియర్ జర్నలిస్టు' అన్నారు. అంత లేదండీ. నేను మండల విలేకరిని. లైన్ అకౌంటు మనిషిని. ఎన్ని లైన్లు అచ్చయితే అన్ని లైన్లకే డబ్బులు. అచ్చుకాని లైనుకి పైసా రాదు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ పైసా రాని లైన్ల గురించే.

మాది ఉలవపాడు. నేను పుట్టినప్పుడు అది నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా అన్నారు, 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో మళ్ళీ నెల్లూరు జిల్లా అన్నారు. మా ఇల్లు ఉన్నచోటే ఉంది, జిల్లాయే అటూ ఇటూ తిరిగింది. (నవ్వులు) నవ్వడానికి చెప్పలేదు. ప్రకాశం అని పేరు పెట్టిన 1972లో ముఖ్యమంత్రి ఎవరు? పాములపర్తి వెంకట నరసింహారావు. ఆ ఏడాది చివరికి మనం ఆయన్ని ఏం చేశామో ఈ గదిలో కొందరికి గుర్తుండాలి.

ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కావాలన్న జై ఆంధ్ర ఉద్యమంలో తిరిగినవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. ఒకటి, రెండు... ఆరు. మాస్టారూ, మీరూ ఎత్తాలి, నాకు తెలుసు. (నవ్వులు)

అప్పుడు నేను ఎనిమిదో తరగతి. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాలు అక్కడి స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అప్పటి కరీంనగర్ జిల్లా వంగర మనిషి పీవీ. ఆయన ఆ తీర్పు మంచిదేనన్నట్టు మాట్లాడారని మన వైపు భగ్గుమంది. భూసంస్కరణల మాట ఎత్తినందుకు పెద్ద రైతులకు అప్పటికే ఆయన మీద గుర్రుగా ఉందని, ఆ కోపం కూడా ఇందులో కలిసిందని చాలామంది అంటారు. నాకు అప్పుడు అవేవీ తెలియవు. బడి మూసేశారు, అది తెలుసు. ఎన్జీవోలు, అంటే గెజిటెడ్ కాని ప్రభుత్వ ఉద్యోగులు, సమ్మెలో ఉన్నారు, రైళ్ళు సరిగ్గా నడవటం లేదు. రోజూ ఊరేగింపే.

ఒకరోజు బజారులో పీవీకి శవయాత్ర చేశారు. వరిగడ్డి బొమ్మ, దానికి తెల్ల పంచె, పైన పెదవులు ముడిచి గీసిన మొహం. ఆ మొహం గీసింది మా డ్రాయింగు మాస్టారే. వెదురుతో పాడె కట్టారు. డప్పులు, మరమరాలు, చిల్లర చల్లడం, ఏదీ తక్కువ కాలేదు. ఒకాయన ముందు కుండ పట్టుకుని నడిచాడు. నా చేతిలో కిరసనాయిలు డబ్బా. చౌరస్తాలో దించి అంటించారు. గడ్డి కదండీ, రెండు నిమిషాల్లో బూడిద. మేము చప్పట్లు కొట్టాం. ఇంటికొస్తే మా నాయనమ్మ పెరట్లో నిలబెట్టి నెత్తిన నీళ్ళు పోసింది. "బతికున్న మనిషికి కొరివి పెట్టి వస్తావంట్రా" అని తిట్టి, స్నానం చేసేదాకా లోపలికి రానీలేదు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది, ఆయన పదవి పోయింది.

అంటే పీవీ గారికి మన వైపు ఒక దహనం ముందే అయిపోయింది. రెండోది అయింది 2004 డిసెంబరు 25న. మొదటిదాన్ని మనం మరిచిపోయాం, రెండోదాన్ని మరవలేకపోతున్నాం. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దామని ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

డిసెంబరు 23, గురువారం. ఢిల్లీ ఎయిమ్స్‌లో పీవీ పోయారు. ఎనభై మూడేళ్ళు. మధ్యాహ్నం డెస్కు నుంచి ఫోను: "పీవీ మీద స్పందనలు పంపు, జిల్లా పేజీకి." స్పందనలంటే మీకు తెలుసు. ఎవరు పోయినా 'తీరని లోటు' అని పది మంది చేత అనిపించి, పది పేర్లు వేయడం. పేరు వేస్తే ఆ మనిషి పేపరు కొంటాడు. నేను ముందు ఒక కాంగ్రెస్ నాయకుడికి చేశాను. పేరెందుకు, ఆయనా ఇప్పుడు లేడు. "అబ్బయ్యా, పైనుంచి ఏమన్నా వచ్చిందా?" అన్నాడు. "ఏం రావాలండీ?" అన్నాను. "అదే, ఎట్లా బాధపడాలో" అన్నాడు. (నవ్వులు) నిజంగా అన్నాడండీ. సాయంత్రం మళ్ళీ చేస్తే ఫోను ఎత్తలేదు.

ఆయన్ని మాత్రం ఏమనగలం? 24వ తేదీన ఢిల్లీలో పీవీ భౌతికకాయాన్ని తెచ్చిన వాహనం అక్బర్ రోడ్డులో కాంగ్రెస్ కార్యాలయం ముందు ఆగింది. గేటు తెరుచుకోలేదు. అయిదేళ్ళు ప్రధానమంత్రిగా, అదే పార్టీకి అధ్యక్షుడిగా చేసిన మనిషి. కాసేపు ఆగి వాహనం విమానాశ్రయానికి పోయింది. పైవాళ్ళకే ఎట్లా బాధపడాలో తేలనప్పుడు మండల నాయకుడికి ఎట్లా తేలుతుంది?

ఇక నాయకుల్ని వదిలేశాను. 25వ తేదీ శనివారం, క్రిస్మస్. హైవే పక్కన టీ కొట్టులో టీవీ ఉంది. తెలుగులో ఇరవై నాలుగు గంటల వార్తలు మొదలై అప్పటికి ఏడాది. జనానికి ఇంకా మోజు తీరలేదు. అక్కడ కూర్చుని, వచ్చినవాణ్ణల్లా అడిగి, ఇదిగో ఈ నోటుపుస్తకంలో రాసుకున్నాను. పదకొండు మంది. హుస్సేన్ సాగర్ ఒడ్డున చితి, ప్రధాని మన్మోహన్ సింగ్, సైనికులు, గాలిలోకి తుపాకులు. సోనియా గాంధీ రాలేదు. టీ కొట్టులో అందరూ చూసింది ఆ రానివాళ్ళనే. ఎవరొచ్చారని ఒక్కడూ లెక్కపెట్టలేదు, ఎవరు రాలేదని లెక్కపెట్టారు.

పదకొండు మందిలో కొందరిని వినండి.

కరేడు వైపు రొయ్యల రైతు: "1991లో రూపాయి విలువ తగ్గించాడని అందరూ తిట్టారు. మాకు రొయ్య ధర పెరిగింది. గుంటలు తవ్వినోళ్ళం తవ్వినట్టే బాగుపడ్డాం. తర్వాత వైరస్ వచ్చింది. అది ఆయన తప్పు కాదు గదా." 1991 జూలైలో రూపాయి విలువ రెండుసార్లు తగ్గించిన సంగతి పత్రికల వాళ్ళం మర్చిపోయాం, ఈయన మర్చిపోలేదు. కిలో లెక్కన గుర్తుపెట్టుకున్నాడు.

నెల్లూరు కోటమిట్టలో గడియారాలు బాగుచేసే ఒకాయన, ఏదో పని మీద వచ్చి బస్సు కోసం నిలబడి ఉన్నాడు. అడగాలా వద్దా అని ముందు నేనే వెనకాడాను. అడిగాను. "ఇన్నా లిల్లాహి అనుకున్నా సార్. పోయినోళ్ళకి అది అనాలి. 1992 డిసెంబరు ఆరు గురించి మాత్రం నన్ను అడగవద్దు" అన్నాడు. అడగలేదు. బస్సు రాగానే ఎక్కాడు. కాలు పెట్టబోతూ వెనక్కి తిరిగి, "అయినా ఆ గేటు తీయకపోవడం బాగాలేదు సార్" అన్నాడు. నాకు ఈ పుస్తకంలో అన్నింటికంటే విలువైన లైను అదే. బాబ్రీ మసీదు విషయంలో ఆయన మీద కోపం ఉన్న మనిషి, ఆ కోపాన్ని అట్లాగే ఉంచుకుని, మర్యాద తప్పిన సంగతిని విడిగా చూడగలిగాడు. మనకి అది చేతకాదు. మనం ఒకటి పెంచాలంటే ఇంకోటి తుడిచేస్తాం.

ఒక రిటైర్డు తహసీల్దారు, జార్ఖండ్ ముక్తి మోర్చా ముడుపుల కేసు మొత్తం చెప్పాడు. 2000లో ప్రత్యేక కోర్టు శిక్ష వేయడం, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేయడం, అన్నీ. టీ చల్లారిపోయింది. అదంతా రాసుకోలేదు.

ఆ రాత్రే కొన్ని ఛానెళ్ళు చితి దృశ్యాలు చూపించాయి. శరీరం పూర్తిగా కాలలేదని, సగంలో వదిలేసి పోయారని. టీ కొట్టు కట్టేసే వేళ. ఎవరూ లేచి పోలేదు. ఒక పెద్దాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

నేను స్పందనలన్నీ ఫ్యాక్సు చేద్దామని ఇంటికి పోయాను. కరెంటు లేదు. పొద్దున్నే పంపుదాంలే, సోమవారం పేపరుకి అందుతుంది అని పడుకున్నాను.

పొద్దున ఏమైందో ఈ తీరంలో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆదివారం, మార్గశిర పౌర్ణమి. సుమత్రా దగ్గర పొద్దున ఆరున్నరకి భూమి కంపించింది. రెండున్నర గంటల్లో మన రేవుల్లోకి సముద్రం నడిచొచ్చింది. సునామీ అనే మాట నేను ఆ రోజే నేర్చుకున్నాను. డెస్కు వాళ్ళు స్పెల్లింగు అడిగితే 'త్సునామి' అని రాసి పంపాను. వారం రోజులు జాలరి పాలేలన్నీ తిరిగాను. తెగిపోయిన వలలు, చెట్టెక్కిన పడవలు, ఒడ్డున బోర్లాపడ్డ వంటపాత్రలు. రాష్ట్రం మొత్తంలో నూరు మందికి పైగా పోయారు, అందులో మన తీరం వాళ్ళూ చాలామంది. ఆ వారం నా లైన్ అకౌంటు ఎన్నడూ లేనంత వచ్చింది. ఆ డబ్బు తీసుకోవడానికి చెయ్యి రాలేదంటే నమ్మండి. తీసుకున్నాను. పీవీ స్పందనలు ఎవరూ అడగలేదు, నేనూ పంపలేదు.

ఇక అసలు సంగతి. గత రెండు మూడేళ్ళుగా నాకొక పిచ్చి పట్టింది. కనపడ్డవాళ్ళని 'పీవీ అంత్యక్రియలు గుర్తున్నాయా' అని అడుగుతున్నాను. వచ్చే జవాబులు చూడండి. 'సునామీ వచ్చిన రోజే గదా ఆయన్ని కాల్చింది' అంటారు. కాదయ్యా, ముందురోజు అంటే ఒప్పుకోరు. ఒకాయన, 'సునామీకి హుస్సేన్ సాగర్ కూడా పొంగి చితి ఆరిపోయింది, అందుకే సగం కాలింది' అని ఒట్టు పెట్టాడు. హైదరాబాదుకి సముద్రం ఎంత దూరమో ఆయనకి తెలుసు, లారీ డ్రైవరు! (నవ్వులు) ఇక పాలేల్లో ముసలమ్మలది ఒకటే మాట: 'ఆ పెద్దాయన ఉసురు తగిలింది.' ఉసురు ఎవరికి తగలాలి, ఎవరికి తగిలింది అవ్వా, ఢిల్లీలో గేటు మూస్తే మన పాలెం మునగాలా అని అడిగాను. ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఉసురుకి అడ్రసు తెలుస్తదా?" అంది.

నేను హేతువాదిని. భూకంపం లెక్కలు చెప్పగలను. కానీ ఆ అవ్వ మాటకి జవాబు చెప్పలేక టీ తాగి వచ్చేశాను.

ఇప్పుడు 'సగం కాలిన శవం' సంగతి. అది నిజమా? పీవీ దగ్గర పనిచేసిన ఒక అధికారి అది నిజం కాదని తర్వాత చెప్పారు, శరీరం కాలిపోయిందనే అన్నారు. నేను హైదరాబాదులో లేను, ఒట్టేసి చెప్పలేను. అయితే ఈ విషయం తెలిసిన మనిషి ఒకడు నాకు దొరికాడు. కొన్నేళ్ళ కిందట నెల్లూరులో మా పెద్దమ్మ పోతే, పెన్న ఒడ్డున బోడిగాడితోటకి తీసుకెళ్ళాం. దహనం అయ్యేదాకా ఉన్నది నేనూ, మా పెద్దమ్మ కొడుకూ, కాటికాపరీ. మాటల్లో నేను పేపరు మనిషినని తెలిసి ఆయనే ఎత్తాడు.

"ఆ పీవీ గారిది కాల్లేదని టీవీలో చూపించిన్నారే, అది ఎట్టా అవుద్దో చెప్తా ఇను సార్" అన్నాడు. నాలుగైదు వందల కిలోల కట్టె పడుద్ది. అడుగున ఎండిన తుమ్మ ఉండాల, పైన సరివి. పెద్దోళ్ళకి గంధం చెక్కలు వేస్తారు, దానికి వాసనే గానీ సెగ చాలదు. నెయ్యి భగ్గుమని లేస్తది, చూసేవోళ్ళకి బాగుంటది, నిలవదు. కాళ్ళూ చేతులూ తొందరగా పోతాయి. రొమ్ము, నడుము ఆలస్యం. రెండో గంటలో కట్టె కుంగుద్ది. అప్పుడు గెడ పట్టుకుని కింద నుంచి ఎగదొయ్యాల, జారిన కట్టె మళ్ళీ మీదికి తోయాల. పొగలో, సెగలో, ఇట్టా ఆనుకుని నిలబడాల. ఒక్కోసారి మొత్తం బూడిద అయిపోయినా మనిషి ఆకారంలోనే నిలబడి ఉంటది. దూరం నుంచి చూస్తే కాల్లేదనే అనుకుంటారు. గెడతో తాకితే రాలిపోద్ది.

ఇంత చెప్పి, గెడ పక్కన పెట్టి, బీడీ ముట్టించుకుని అన్నాడు: "పెద్దోళ్ళ చితి కాడ పోలీసోళ్ళు ఉంటారు సార్. మమ్మల్ని దూరం పొమ్మంటారు. పెద్దోళ్ళు గంటలో పోతారు. ఎనకాల పోలీసోళ్ళు పోతారు. ఇంకెవురు ఎగదోస్తారు?"

హైదరాబాదులో అట్లాగే జరిగిందని నేను చెప్పడం లేదు. అధికార లాంఛనాలు అంటే ఏమిటో నాకు మొదటిసారి అర్థమైంది ఆ మాటతో అని చెబుతున్నాను. ఆ లాంఛనాలన్నీ మొదటి గంటకే. జెండా కప్పడం, బూరలు, తుపాకులు, కెమెరాలు. ఆ తర్వాత అయిదు గంటల పని ఉంటుంది, దానికి లాంఛనం లేదు. మా పెద్దమ్మ అంగన్‌వాడీ ఆయా. ఆవిడకి తుపాకులు పేలలేదు, తెల్లారేదాకా గెడ పట్టుకున్న మనిషి ఉన్నాడు.

అందుకే అనుకుంటాను, సగం కాలిందన్న మాటని జనం అంత గట్టిగా పట్టుకున్నారు. కాలిందో లేదో చూసి నమ్మలేదు. మూసిన గేటుని చూశారు. గేటు మూసినవాళ్ళు చితినీ వదిలేస్తారని నమ్మారు. ఆ వదంతిలో వాస్తవం ఎంతో తెలియదు గానీ, అవమానం కొలత మాత్రం సరిగ్గానే ఉంది.

అయితే ఒక్కటి నాకు మింగుడు పడదు. ఆ టీ కొట్టులో తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్న పెద్దాయన అన్నానే, ఆయన ఎవరో చెప్పలేదు మీకు. 1972లో కుండ పట్టుకుని పాడె ముందు నడిచింది ఆయనే. నాకు గుర్తుంది. ఆయనకి గుర్తుందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. నా చేతిలో కిరసనాయిలు డబ్బా ఉన్న సంగతి ఆయన ఎత్తితే? ఇద్దరం ఢిల్లీ వాళ్ళని తిట్టుకుంటూ టీ తాగాం. ఢిల్లీ ఉండబట్టి మనం బతికిపోయాం.

మనకిది కొత్త కాదు. మన రెండు జిల్లాలకీ పోయినవాళ్ళ పేర్లే. ఒకదానికి ప్రకాశం, ఇంకోదానికి పొట్టి శ్రీరాములు. శ్రీరాములు గారు మద్రాసులో 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న పోయారు. ఆంధ్ర ప్రాంతం తగలబడిపోయింది ఆయన పోయాకే. ప్రకాశం గారు బారిస్టరుగా గడించిందంతా దేశం కోసం ఊడ్చిపెట్టి చివరికి ఏ స్థితిలో పోయారో పెద్దవాళ్ళకి తెలుసు. పీవీకి కూడా తర్వాత అన్నీ జరిగాయి. 2015లో ఢిల్లీలో స్మారకం, 2021లో నెక్లెస్ రోడ్డుకి ఆయన పేరు, 2024లో భారతరత్న. మన నెల్లూరు వి.ఆర్. కాలేజీలో చదివి, జై ఆంధ్ర ఉద్యమంలో పైకొచ్చిన వెంకయ్యనాయుడు గారే ఉపరాష్ట్రపతి హోదాలో పీవీకి నివాళులర్పించారు. అది తప్పని అనడం లేదు, మనిషి మారాలి. కానీ 'మేము అప్పట్లో ఇట్లా అన్నాం' అని ఒక్క ముక్క కలుపుకుంటే ఆ పొగడ్తకి బరువొస్తుంది. మన పొగడ్తల్లో ఆ ముక్క ఎప్పుడూ ఉండదు. పైగా రాష్ట్రం విడిపోయాక ఆయన 'వాళ్ళ మనిషి' అయిపోయాడు. 1991లో నంద్యాలలో ఎన్టీఆర్ పోటీ పెట్టకుండా, తెలుగువాడు ప్రధాని అయ్యాడని అయిదు లక్షల పైచిలుకు మెజారిటీ ఇచ్చినప్పుడు ఎవరి మనిషి?

సరే, టైమైందని అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. పదకొండో స్పందన ఒకటి మిగిలింది, అది చదివి దిగిపోతాను.

రామాయపట్నం వైపు పడవ మనిషిది. ఆ రోజు టీ కొట్టుకి ఐసు కోసం వచ్చి ఆగాడు. "ఎల్లుండి పేపర్లో నా పేరు పడుద్దా?" అని అడిగాడు. పడుద్దన్నాను. మర్నాడే సముద్రం వచ్చింది. ఆయన బతికాడు, పడవ పోయింది. నెల తర్వాత నష్టపరిహారం క్యూలో కనపడి, "నా మాట ఏందయ్యా, యాలేదు?" అన్నాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఎప్పుడు కనపడ్డా అదే అడుగుతాడు. ఇప్పుడు వాళ్ళ వైపు ఓడరేవే కడుతున్నారు. ఆయన వలలు మానేసి గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేస్తున్నాడు. మొన్న కూడా అడిగాడు. ఇన్నేళ్ళకి చదువుతున్నాను, లైను లెక్కన నాకు రావాల్సింది లేదు:

"పీవీ గారు మా రేవుకి జెట్టీ కట్టిస్తానన్నాడా? అన్లా. కట్టించాడా? కట్టించలా. మాట తప్పని మనిషి గదయ్యా, ఎందుకట్టా చేశారు ఆయన్ని?"

(చప్పట్లు)